విమోచన వాక్యం మోకాళ్ళ మీద విందాం

కడప మేత్రాసన పీఠాధిపతి గారికి, చిత్తూరు, తిరుపతి ప్రాంతాల విచారణ గురువులకు బహిరంగ లేఖ



తపస్సుకాలం చివరి వారాల్లో మన విచారణల్లో పాపసంకీర్తనాలు ఎలా జరుగుతాయో మీకు తెలియనిది కాదు. పక్క విచారణల నుంచి నలుగురైదుగురు గురువులు సాయం వస్తారు. గుడి వరండాలోనో, ఆవరణలో చెట్టు కిందో రెండేసి ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా వేస్తారు. వరస మెల్లగా కదులుతుంది. చెప్పులతోనే వెళ్ళి కుర్చీలో కూర్చుంటాం. కూర్చునే పాపాలు చెప్పుకుంటాం, కూర్చునే ఫాదర్ గారి మాట వింటాం, ఆయన చెయ్యి చాచి విమోచన వాక్యం పలుకుతుంటే అప్పుడూ కూర్చునే ఉంటాం. వెనక వాళ్ళు ఎదురుచూస్తున్నారన్న తొందరలో కొందరు ఆమెన్ అనకముందే సగం లేచి ఉంటారు. కూర్చుని పాపాలు చెప్పుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. కూర్చుని సలహా వినడం మీదా లేదు. ఆ చివరి అర నిమిషం గురించే ఈ లేఖ. శరీరం సహకరించే ప్రతి విశ్వాసీ ఆ అర నిమిషం చెప్పులు విడిచి, సిలువ వైపు తిరిగి, మోకాళ్ళ మీద ఉండాలని మీరు చెప్పాలి. ఆమెన్ అన్నాక గురువే ఆ మనిషిని లేపి నిలబెట్టాలి. నేను కోరేది ఇంతే. ఎందుకు కోరుతున్నానో వివరంగా రాస్తున్నాను.

ముందే ఒకటి ఒప్పుకోవాలి. మోకరిల్లకపోతే పాపవిమోచనం చెల్లదని నేను అనడం లేదు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు ఇంతకంటే పెద్ద ప్రశ్నే వేసుకున్నాడు. ఈ సంస్కారానికి గురువు తలమీద చెయ్యి ఉంచడం తప్పనిసరా అని అడిగి, కాదనే తేల్చాడు. గురువు చెయ్యే తప్పనిసరి కానప్పుడు విశ్వాసి మోకాలు ఎలా తప్పనిసరి అవుతుంది? ఆసుపత్రి మంచం మీద కదల్లేని మనిషికి దొరికే క్షమాపణ, గుడిలో మోకరిల్లినవాడికి దొరికే క్షమాపణ ఒకటే. అయితే చెల్లుబాటుకు ఎంత కావాలో అంతటితో మనం ఏ పనీ ఆపం. చట్టం దృష్టిలో పెళ్ళి చెల్లడానికి రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చాలు. అయినా ఏ తల్లీ తండ్రీ తమ బిడ్డ పెళ్ళిని సంతకంతో సరిపెట్టరు. చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న, తగి ఉందా అన్నది వేరే ప్రశ్న. నేను అడుగుతున్నది రెండోది.

1614లో వచ్చిన రోమను కర్మకాండ గ్రంథం పశ్చాత్తాపి మోకాళ్ళ మీద ఉండి సిలువ గుర్తు వేసుకోవాలని స్పష్టంగా చెప్పింది. రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1973 డిసెంబరు 2న వెలువడిన కొత్త క్రమం ఒక్కొక్కరుగా చేసే పాపసంకీర్తనంలో విశ్వాసి ఏ భంగిమలో ఉండాలో నిర్బంధించలేదు. ఆ మౌనాన్ని మనం 'కూర్చోండి' అని చదువుకున్నాం. అదే క్రమంలో మరోచోట ఏముందో చూడండి. చాలామందికి ఒకేసారి పాపవిమోచనం ఇవ్వాల్సి వచ్చిన అసాధారణ సందర్భంలో, దాన్ని కోరుకునేవాళ్ళు మోకరిల్లడం, తల వంచడం లాంటి ఏదో ఒక గుర్తుతో ఆ కోరిక తెలపాలని ఉంది. అంటే పెదవికి మాట్లాడే వీలు లేనప్పుడు మోకాలు మాట్లాడుతుందని శ్రీసభే ఒప్పుకుంది. పెదవి మాట్లాడినంత మాత్రాన మోకాలి మాట చెల్లకుండా పోతుందా?

ఆ క్రమం చేసిన పెద్ద మేలు ఇంకొకటి ఉంది, దాన్ని మనం సరిగా వాడుకోలేదు. 16వ శతాబ్దంలో మిలాను అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొరోమియో జాలీ అడ్డుగా ఉన్న పాపసంకీర్తన పెట్టెను ప్రచారంలోకి తెచ్చాడు. గురువుకూ విశ్వాసికీ మధ్య ఉండాల్సిన మర్యాదకు అది గొప్ప కాపలా. కాని జాలీ వెనక గురువు చెయ్యి కనబడకుండా పోయింది. 1973 క్రమం ఆ చేతిని తిరిగి తెచ్చింది. గురువు రెండు చేతులూ, కనీసం కుడి చెయ్యి, పశ్చాత్తాపి తలమీదికి చాచి విమోచన వాక్యం పలకాలని చెప్పింది. తండ్రి కనికరాన్ని, కుమారుని మరణ పునరుత్థానాలను, పవిత్రాత్మను తలచుకుని, త్రిత్వ నామాన పాపాలు తీసివేస్తున్నానని గురువు పలికే ఆ వాక్యం అంతకుముందు జరిగిన మాటల్లాంటిది కాదు. అంతవరకూ జరిగింది ఇద్దరు మనుషుల సంభాషణ. ఒకరు చెప్పుకున్నారు, ఒకరు విని దారి చూపారు. ఇప్పుడు జరుగుతున్నది దేవుని పని. ఒకే కుర్చీలో, ఒకే భంగిమలో, ఒకే స్వరంలో రెండూ జరిగిపోతే విమోచన వాక్యం ఆ సలహాకు తోకలా వినబడుతుంది, ఇంటికి వెళ్ళేటప్పుడు చెప్పే 'మంచిదమ్మా, వెళ్ళిరా' లాగా. శరీరం కదిలితేనే మనసుకు ఆ మలుపు తెలుస్తుంది. తొలి పాపసంకీర్తనానికి సిద్ధమయ్యే పిల్లలకు ఇది ఇంకా నిజం. ఉపదేశి నేర్పిన జవాబులు వాళ్ళు మరిచిపోవచ్చు. మోకాలికి తగిలిన నేల గుర్తుంటుంది.

సువార్తలు నా పక్షాన లేవని ఎవరైనా అనవచ్చు. నిజమే. మార్కు సువార్తలో పక్షవాత రోగి పడక మీద ఉండగానే పాపక్షమాపణ పొందాడు. యోహాను సువార్తలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ నిలబడే ఉంది. లూకా చెప్పిన సుంకరి దూరంగా నిలబడే రొమ్ము కొట్టుకున్నాడు. తప్పిపోయిన కుమారుడు మోకరిల్లాడని కూడా లూకా రాయలేదు. లూకా రాయనిదాన్ని రెంబ్రాంట్ గీశాడు. ఆయన చివరి రోజుల్లో గీసిన ఆ పటంలో కొడుకు తండ్రి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. అరిగిన చెప్పొకటి ఊడి, అరికాలు మనవైపు కనబడుతుంది. తండ్రి వంగి, రెండు చేతులూ కొడుకు వీపు మీద పెట్టాడు. సువార్తలోని ఈ నలుగురినీ కలిపి చూస్తే ఒకే భంగిమ కనబడదు, ఒకే కదలిక కనబడుతుంది. పడక మీద ఉన్నవాడు లేచి పడక ఎత్తుకున్నాడు. నిలబడ్డ స్త్రీని యేసు ఇక వెళ్ళమన్నాడు. కొడుకు చెప్పదలచుకున్న మాటలు పూర్తికాకముందే తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెప్పించాడు. ప్రతిచోటా క్షమాపణ మనిషిని లేపింది. లేవడం కనబడాలంటే ముందు వంగి ఉండాలి కదా.

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది 5వ శతాబ్దపు చరిత్రకారుడు సొజొమెన్ రాసిన ఒక వర్ణన. రోమా నగరంలో పశ్చాత్తాపులకు గుడిలో ఒక ప్రత్యేక స్థలం ఉండేదట. ఆరాధన ముగిశాక వాళ్ళు ఏడుస్తూ నేలమీద సాగిలపడేవారు. అప్పుడు పీఠాధిపతి ఎదురుగా వచ్చి తానూ ఏడుస్తూ నేలమీద పడేవాడు. గుడిలో ఉన్న జనమంతా కన్నీళ్ళు పెట్టుకునేవారు. తర్వాత పీఠాధిపతి ముందుగా లేచి, పడి ఉన్నవాళ్ళను లేపి, వాళ్ళకోసం తగిన ప్రార్థన చేసి పంపేవాడు. ఒక్క క్షణం ఆ దృశ్యాన్ని కళ్ళముందు నిలుపుకోండి. పడినవాడి ఎదుట పీఠాధిపతి కూడా పడ్డాడు. ముందు ఆయనే లేచి చెయ్యి అందించాడు. మనకు అలవాటైన చిత్రం దీనికి పూర్తిగా వేరు: ఒకరు వంగడం, ఒకరు పైనుంచి చూడడం. మోకరిల్లడం మీద మన కాలంలో వస్తున్న అభ్యంతరాల్లో చాలావాటి మూలం ఈ రెండో చిత్రంలోనే ఉంది. ఆ అభ్యంతరాలు తేలికైనవి కావు.

మొదటిది మన నేలకు సంబంధించింది. మన విచారణల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళే. చెప్పులు చేత పట్టుకుని పెద్దవీధి దాటడం, భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకోవడం, దొర ముందు వంగి నిలబడడం వాళ్ళ తాత ముత్తాతలు బతకడం కోసం నేర్చుకున్న భంగిమలు. చెప్పులు విప్పమని, మోకరిల్లమని నేను అడుగుతున్నవి కూడా అవే కదా అని ఎవరైనా నిలదీస్తే తప్పించుకోకూడదు. అవును, చేష్టలు అవే. అందుకే వాటిని ఎవరి ముందు, ఎవరెవరు చేస్తున్నారన్నది ముఖ్యం. కొందరే చేస్తే అది అవమానం. కులం, డబ్బు, హోదా, గురుపట్టం ఏదీ చూడకుండా అందరూ చేస్తే అది ఆరాధన. మేత్రాణులు కూడా పాపసంకీర్తనం చేసేవారే. ఆయన మోకాలు ఆనిన నేలమీదే కూలి మనిషి మోకాలూ ఆనితే, దొరతనం గుర్తులన్నీ అక్కడే చెరిగిపోతాయి.

ఈ గాయానికి శ్రీసభ చరిత్రలోనే ఒక పాత మచ్చ ఉంది, అది మన జిల్లాకు దూరం కాదు. 18వ శతాబ్దం తొలి ఏళ్ళలో ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. సన్యాసుల్లా కాషాయం కట్టి, మాంసం మాని, ఇక్కడి మర్యాదలకు తగ్గట్టు బతికారు. ఆ ప్రయత్నంలో గొప్పతనం ఉంది. దానితోపాటు అంటరానితనానికీ లొంగారు. అంటరానివాళ్ళుగా చూడబడిన కులాల రోగుల ఇళ్ళలోకి గురువు వెళ్ళేవాడు కాదు. సంస్కారాలు కావాలంటే రోగినే బయటికి తీసుకురావాలి. 1704లో పుదుచ్చేరిలో పోపు రాయబారి టూర్నోన్ ఇచ్చిన ఆజ్ఞ ఈ పద్ధతిని తప్పుపట్టి, ఆ ఇళ్ళకు గురువులు వెళ్ళాల్సిందేనని చెప్పింది. జ్ఞానస్నానంలో ఇక్కడివాళ్ళకు రోత పుట్టిస్తుందని వదిలేసిన ఉమ్మి తాకించే చేష్ట గురించి కూడా అదే ఆజ్ఞలో ఉంది. వాదం 1744లో పద్నాలుగో బెనెడిక్టు పోపు గారి తీర్పు దాకా సాగింది. సంస్కారాల్లో శరీరం ఏం చేయాలన్న ప్రశ్న మన దగ్గర ఎప్పుడూ చిన్న విషయం కాలేదని చెప్పడానికే ఇది గుర్తుచేస్తున్నాను.

ఆ చరిత్ర పక్కన 1973 క్రమంలోని చేతిని పెట్టి చూడండి. తాకితే మైలపడతామని తరతరాలు దూరం పెట్టిన మనిషి తలమీదికి గురువు చెయ్యి చాస్తున్నాడు. ఈ నేలమీద ఆ చేతికున్న అర్థం రోమాలో కూడా లేదు. కుర్చీల మధ్య ఉన్న ఎడంలో గాలిలో ఊపిన చెయ్యి ఆ అర్థాన్ని మోయలేదు. మోకాళ్ళ మీద ఉన్న మనిషి తల గురువు చేతికి సహజంగా అందుతుంది. ఆ తర్వాత అదే చెయ్యి ఆ మనిషిని లేపుతుంది. లేపడం లేకుండా మోకరిల్లడం మాత్రమే ఉంటే ఈ లేఖ రాసి ఉండేవాడిని కాదు.

రెండో అభ్యంతరం స్త్రీలది, ఇది ఇంకా పదునైనది. కేరళలో పాపసంకీర్తన రహస్యాన్ని అడ్డం పెట్టుకుని ఒక స్త్రీని లోబరచుకున్నారని మరో సంఘానికి చెందిన గురువుల మీద ఆరోపణలు వచ్చాక, 2018 జూలైలో జాతీయ మహిళా కమిషన్ పాపసంకీర్తనాన్నే రద్దు చేయాలని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సును శ్రీసభ ఒప్పుకోలేదు, ఒప్పుకోనక్కరలేదు కూడా. దాని వెనకున్న భయాన్ని మాత్రం కొట్టిపారేయకూడదు. ఒంటరిగా ఒక స్త్రీ ఒక పురుషుడి ముందు మోకరిల్లడం అధికారాన్ని ఇంకా బరువెక్కిస్తుందని అంటే, ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే సిలువ వైపు తిరగాలన్నాను. తూర్పు శ్రీసభల్లో పశ్చాత్తాపి, గురువు ఇద్దరూ క్రీస్తు పటం వైపు తిరిగి ఉంటారు. గురువు న్యాయమూర్తిలా ఎదురుగా ఉండడు, సాక్షిలా పక్కన ఉంటాడు. మనం కూడా గోడమీద సిలువ, దానిముందు ఒక చాప, పక్కన గురువు అని ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ చోటు నలుగురికీ కనబడేలా, మాట మాత్రం వినబడనంత దూరంలో ఉండాలి. జాలీ కావాలన్నవాళ్ళకు జాలీ ఉండాలి. 1983 శ్రీసభ చట్టం 964వ నియమం ఎలాగూ జాలీ ఉన్న పాపసంకీర్తన స్థలాలు ఎప్పుడూ ఉండాలనే అంటోంది. జాలీ దగ్గర మోకరిల్లినవాళ్ళ ముఖం కూడా సిలువ వైపే ఉండేలా చేయడం మన వడ్రంగులకు కష్టమైన పని కాదు.

తిరుపతిలో ఉండి ఇలా మాట్లాడితే, హిందువుల పద్ధతిని గుడిలోకి తెస్తున్నావా అనేవాళ్ళు ఉంటారు. అలిపిరి మెట్ల దారిలో మోకాళ్ళ మిట్ట ఎక్కే భక్తులను చూడని తిరుపతి మనిషి లేడు. పవిత్రమైన కొండను పాదంతో తొక్కలేక రామానుజులు మోకాళ్ళతో ఎక్కారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. మోకాలితో భక్తి చెప్పుకోవడం మన ఊరి భాష. దాన్ని వాడుకోవడం అరువు తెచ్చుకోవడం కాదు. 1969 ఏప్రిల్‌లో మన దేశపు పీఠాధిపతుల కోరికపై రోమా ఆమోదించిన 12 అంశాల్లో చెప్పులు విడవడం, నేలమీద కూర్చోవడం, అంజలి ఘటించి వంగడం ఉన్నాయి. పూజాబలి ఆరంభంలో పాపాలు ఒప్పుకునే భాగంలో గురువు, ప్రజలు కలిసి పంచాంగ ప్రణామం చేయవచ్చని కూడా వాటిలో ఉంది. పూజాబలిలో నుదురు నేలకు ఆనించే అనుమతి ఉన్నప్పుడు పాపసంకీర్తనంలో మోకాలు ఆనించడానికి సంకోచం దేనికి? అంతెందుకు, మన అమ్మలు గుడిలోకి రాగానే తలమీద కొంగు కప్పుకుని నేలకు వంగడం ఏ కాగితమూ చదివి నేర్చుకోలేదు. చిత్తూరు సరిహద్దు విచారణల్లో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు తెలుగులో పాపాలు చెప్పుకోవడానికి తడబడతారు. మోకాలికి మాత్రం ఏ భాషా అడ్డం రాదు.

మన చుట్టూ లూథరన్లు, సి.ఎస్.ఐ. వాళ్ళు ఎక్కువ. మనిషి ముందు మోకరిల్లడమేమిటని వాళ్ళు అడుగుతారు. లూథరన్లు మాత్రం తమ 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 11వ అధ్యాయం తెరిచి చూడాలి. ఏకాంతంగా ఇచ్చే పాపవిమోచనాన్ని సంఘాల్లో నిలుపుకోవాలనే అందులో ఉంది. మోకాలు గురువు వైపు కాక సిలువ వైపు తిరిగి ఉంటే మిగతావాళ్ళ ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

325 నాటి నికేయా మహాసభ ఆదివారాల్లో మోకరిల్లవద్దని, నిలబడి ప్రార్థించమని 20వ నియమంలో చెప్పిందని చదువుకున్నవాళ్ళు గుర్తుచేస్తారు. అది సంఘమంతా కలిసి చేసే ప్రార్థన గురించి. అదే మహాసభ 11వ నియమం విశ్వాసం వదిలి తిరిగొచ్చినవాళ్ళు ఏడేళ్ళు సాగిలపడేవాళ్ళ వరసలో ఉండాలని చెప్పింది. మనం ఏడేళ్ళు అడగడం లేదు, అర నిమిషం అడుగుతున్నాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, గర్భిణులు, వృద్ధులు కుర్చీలోనే తల వంచి చేతులు జోడించాలి. వాళ్ళను ఎవరూ తేడాగా చూడకూడదని కూడా గురువులే చెప్పాలి. తపస్సుకాలపు వరసలో టైం చాలదన్న మాటకు నా దగ్గర ఓపిక లేదు. పదిమంది మోకరిల్లి లేవడానికి పట్టేది అయిదు నిమిషాలు.

మేత్రాణుల వారికి ఒక విన్నపం. 2014 మార్చి 28న పునీత పేతురు మహాదేవాలయంలో ఫ్రాన్సిస్ పోపు గారు ఇతరుల పాపసంకీర్తనాలు వినడానికి వెళ్ళబోయే ముందు తానే వెళ్ళి ఒక సామాన్య గురువు దగ్గర మోకరిల్లారు. ఆ ఫోటో లోకమంతా చూసింది. వచ్చే తపస్సుకాలంలో తిరుపతిలోనో, చిత్తూరులోనో, ఒకప్పుడు రోగిని ఇంట్లోంచి బయటికి తెచ్చుకోమన్న ఆ పుంగనూరు ప్రాంతంలోనో ఒక పశ్చాత్తాప ఆరాధన ఏర్పాటు చేయించండి. అక్కడ గోడమీద సిలువ, కింద చాప ఉండనివ్వండి. వరసలో మొదట మీరు నిలబడండి. చెప్పులు విడిచి, సిలువ వైపు తిరిగి, మోకాళ్ళ మీద విమోచన వాక్యం వినండి. ఆ విచారణలో అందరికంటే చిన్న గురువు మీ తలమీద చెయ్యి ఉంచి, మిమ్మల్ని లేపనివ్వండి. మీ వెనక వరసలో ఉన్నవాళ్ళకు ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు.

ఇట్లు,
మీ మేత్రాసన విశ్వాసి